ఎర్ర సిరా, పెన్సిల్ గీత

మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లు భోజనాల బల్ల మీద ఒక పెద్ద కాగితం పరుస్తారు. జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి. రాబోయే ఆరు నెలల రోజులన్నీ దాని మీద గళ్ళుగా గీసి ఉంటాయి. ఆసుపత్రులు తెరవడం, సైనికుల కవాతు చూడడం, బడుల్లో బహుమతులు పంచడం లాంటివి రాజకుటుంబం తరఫున అమ్మ చేయాల్సిన పనులు. వాటిని ఎర్ర సిరాతో రాస్తారు. అమ్మ గుర్రపు పోటీలను పెన్సిల్‌తో రాస్తారు. ఒకే రోజు రెండూ వచ్చి పడితే పెన్సిల్ గీత చెరిపేస్తారు. పెన్సిల్ కోసం సిరాని కొట్టేయడం మా ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

అమ్మ పేరు అడిలా. యువరాణి అడిలా. సింహాసనానికి వరసలో పద్దెనిమిదో మనిషి. "మీ అమ్మ రాణి కావాలంటే ముందు పదిహేడు మంది ఒకే పడవలో మునగాలి" అని నాన్న నవ్వుతుంటాడు. నాన్నకి బిరుదులు లేవు, ఆవులున్నాయి. నన్ను ఊరి బడికే పంపాలని పట్టుబట్టింది ఆయనే. బస్సులో వెనక సీటు పిల్లలు "ఏం హెస్టర్, మీ బంగారు బండి చక్రం ఊడిందా?" అని అడుగుతారు. నేనేం మాట్లాడను. ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. డైరీలో మాత్రం చాలా మంచి జవాబులు చెబుతాను.

పోయిన వసంతంలో అమ్మకి ముప్ఫై తొమ్మిదేళ్ళు, పెడ్లర్‌కి పదకొండు. పెడ్లర్ అమ్మ గుర్రం. ముదురు గోధుమ రంగు, మూతి మీద పాలు తాగి తుడుచుకోనట్టు ఒక తెల్ల మచ్చ. ఏప్రిల్‌లో మూడు రోజుల పోటీ ఉంది. మొదటి రోజు మైదానంలో నడకలు, రెండో రోజు కొండల్లో, వాగుల్లో అడ్డాలు దూకుతూ పరుగు, మూడో రోజు కర్రల అడ్డాలు. అందులో మొదటి ఆరుగురిలో నిలిస్తే దేశం జట్టులో చోటు దొరుకుతుంది. అమ్మ ఆ గుమ్మందాకా ఇంతకుముందు రెండుసార్లు వెళ్ళింది. ఒకసారి కడుపులో నేనున్నానని ఆగిపోయింది. రెండోసారి తాతగారు పోయారు. సంతాపం రోజుల్లో రాజకుటుంబం వాళ్ళు ఆటల్లో కనబడకూడదు.

"ఇదే ఆఖరు" అంది నోరా. మా గుర్రాల పని అంతా నోరాదే. నా కంటే అమ్మ ఆమె మాటే ఎక్కువ వింటుంది. "వచ్చే ఏడాది వీడికి ఈ కాళ్ళుండవు. మీ అమ్మకి ఈ నడుముండదు. ఆవిడతో అనకు."

"నువ్వెప్పుడో అన్నావుగా" అంది అమ్మ, పెడ్లర్ పొట్ట కింద నుంచి.

తెల్లవారగట్ల అయిదుకి జీను వేసేది అమ్మ. ఎనిమిదికి స్నానం, తొమ్మిదికి కారు. బూట్లు విప్పి మేజోళ్ళు వేసుకునేది కార్లోనే. ఒకసారి విందుకి వజ్రాల కిరీటం పెట్టుకుని వెళ్ళి, తిరిగొచ్చాక చూస్తే కిరీటం వెనక జుట్టులో గడ్డిపోచ ఉంది. "ఎవరూ చూళ్ళేదులే" అంది. "రాయబారి చూశాడు" అన్నాడు నాన్న. "నీ వెనకాల నిలబడి రెండుసార్లు చెయ్యెత్తి దించేశాడు పాపం." అమ్మ బయటికి వెళ్తే ఎప్పుడూ గ్లవ్స్ వేసుకుంటుంది. అది రాజమర్యాద అనుకుంటారు అందరూ. పగ్గాలు కోసిన అరచేతులు దాచుకోవడానికని మా నలుగురికే తెలుసు. ఒక్కో రోజు మూడొందల మందికి చేయి కలిపి వస్తే, గ్లవ్స్ లోపలి గుడ్డ చర్మానికి అంటుకుపోయి ఉండేది. గోరువెచ్చని నీళ్ళలో ముంచి నేనే తీసేదాన్ని.

ఆ నలుగురిలో అమ్మమ్మ లేదు. అమ్మమ్మ పెద్ద డచెస్. తుంటి విరిగినప్పటి నుంచి మా ఇంట్లోనే, చక్రాల కుర్చీలో ఉంటోంది. రాజకుటుంబం వాళ్ళు ఏ రోజు ఏమేం చేశారో పేపర్లో ఒక మూల చిన్న అక్షరాలతో వేస్తారు. పొద్దున టీతో పాటు అమ్మమ్మ దాన్ని బయటికి చదువుతుంది. గుర్రపు పోటీలు అందులో పడవు. అందులో పడనిది అమ్మమ్మ లెక్కలో జరగనట్టే. పందొమ్మిదేళ్ళుగా అమ్మ గుర్రమెక్కుతోంది. అమ్మమ్మ ఒక్కసారి కూడా "ఎలా జరిగింది?" అని అడగలేదు.

*

ఏప్రిల్ రెండో వారమంతా వాన. పోటీ జరగాల్సిన కొండవాలు బురదైపోయింది. పోటీని మూడు వారాలు వెనక్కి జరుపుతున్నామని ఉత్తరం వచ్చింది. పరుగు రోజు మే అయిదు, శనివారం.

కమాండర్ ఓక్లీ ఆ ఉత్తరం పట్టుకుని పెద్ద కాగితం ముందు నిలబడ్డాడు. ఆయన అమ్మ కార్యదర్శి, ఒకప్పుడు నౌకాదళంలో ఉండేవాడు. చెడ్డ కబురు చెప్పేముందు గొంతు సవరించుకుంటాడు. ఈసారి రెండుసార్లు సవరించుకున్నాడు.

"మే అయిదున పోల్‌మెరిన్ ఉందండీ."

ఆ గడిలో ఎర్ర సిరా ఉంది. పోల్‌మెరిన్ కార్న్‌వాల్ తీరాన జాలర్ల ఊరు. తుఫానులో చిక్కిన వాళ్ళని కాపాడడానికి ఆ ఊళ్ళో ఒక రక్షణ పడవ ఉండేది. రెండేళ్ళ కిందట అది రాళ్ళకి కొట్టుకుని ముక్కలైంది. అందులో వెళ్ళిన ఇద్దరు తిరిగి రాలేదు. ఇప్పుడు కొత్త పడవ వచ్చింది. దానికి అమ్మమ్మ పేరే పెడుతున్నారు. అమ్మ వెళ్ళి పేరు పలికి, సీసా పగలగొట్టి, నీళ్ళలోకి వదలాలి.

"ఒక వారం జరపలేమా?" అన్నాడు నాన్న.

"నీళ్ళు ఒప్పుకోవండీ. పున్నమి, అమావాస్యల పోటు తప్ప ఇంకేదీ పడవని జార్చే వాలు అడుగుదాకా రాదు. ఆ రోజు పదకొండు నలభైకి నిండు పోటు. తప్పితే మళ్ళీ పదిహేను రోజులు. పైగా ఆ ఊరివాళ్ళు పేరు పెట్టని పడవ ఎక్కరు. అది వాళ్ళ నమ్మకం. అంటే ఇంకో పదిహేను రోజులు ఆ తీరానికి పడవ లేనట్టే."

"అన్నయ్య?" అంది అమ్మ.

"డ్యూక్ గారు ఆ వారం కెనడాలో ఉంటారు."

అందరూ అమ్మమ్మ వైపు చూశారు. అమ్మమ్మ రొట్టె మీద మార్మలేడ్ అంచులదాకా సమంగా రాస్తోంది.

"నన్ను ఆ వాలు మీద పెడితే పడవ కంటే ముందు నేనే నీళ్ళలోకి జారతాను" అంది. "ఒప్పుకున్నాం. ఎవరో ఒకరు వెళ్ళాలి. సిరా సిరాయే అడిలా."

అమ్మ టీ కప్పు సాసర్లో పెట్టింది. కప్పు చప్పుడు కాలేదు. అమ్మ కోపమొస్తే చప్పుడు చేస్తుంది. ఇది కోపం కాదు.

"సరే కమాండర్" అంది. "పెన్సిల్ చెరిపేయండి."

రబ్బరు నా ముందుంది. లెక్కలు చేసుకుంటూ నేనే అక్కడ పెట్టాను. కమాండర్ చేయి చాపాడు. "ఆ రబ్బరు ఇలా ఇస్తారా అమ్మాయిగారూ."

నేను దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాను.

"నేను వెళ్తాను."

ఎవరూ వినలేదు. నేను మాట్లాడితే మామూలుగా అలాగే అవుతుంది. కమాండర్ చేయి ఇంకా చాపే ఉంది.

"పోల్‌మెరిన్‌కి. నేను వెళ్తాను."

నాన్న ఆవలించబోయి ఆపుకున్నాడు. అమ్మమ్మ కత్తి కింద పెట్టింది.

"క్రిస్మస్‌కి చర్చిలో నాలుగు వాక్యాలు చదవమంటే స్తంభం వెనకాల వాంతి చేసుకున్నది నువ్వే కదూ?"

"అవునమ్మమ్మా."

"పద్దెనిమిది నిండేదాకా మన పిల్లలెవరూ ఇలాంటి పనులకి వెళ్ళరని తెలుసు కదూ?"

"తెలుసమ్మమ్మా."

"వద్దు హెట్టీ" అంది అమ్మ, నన్ను ముద్దుపేరుతో పిలుస్తూ. "నా కోసం నువ్వు..."

"నీ కోసం కాదు." అది అబద్ధం. కానీ గుప్పిట మాత్రం విప్పలేదు.

అమ్మమ్మ నా గుప్పిట వైపు చూసింది. తర్వాత కమాండర్ వైపు తిరిగి, "పడవకి పెట్టేది నా పేరు. ఎవరు పెట్టాలో నేను చెప్పొచ్చనుకుంటాను. పిల్ల వెళ్తుంది" అంది. మార్మలేడ్ కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఇవాళ మధ్యాహ్నం మూడింటికి హాల్లోకి రా. వాంతికి గిన్నె తెచ్చుకో."

*

హాలు పొడవు నలభై అడుగులు. అమ్మమ్మ కుర్చీ ఒక చివర, నేను ఇంకో చివర. చెప్పాల్సింది రెండు వాక్యాలే. "ఈ పడవకు డచెస్ ఎలీనార్ అని పేరు పెడుతున్నాను. దేవుడు దీన్నీ, ఇందులో వెళ్ళే వాళ్ళందరినీ కాపాడుగాక."

"వినపడలేదు."

మళ్ళీ చెప్పాను.

"నేల చెక్కలకి చెప్తున్నావా? వాటికి నా పేరు తెలుసు. వినపడలేదు."

మూడు వారాలు, రోజూ మూడింటికి. అమ్మమ్మకి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. వంటింట్లో స్పూను పడితే ఏ స్పూనో చెప్పగలదు. అయినా ముప్ఫైసార్లు "వినపడలేదు" అనేది. ఒక రోజు నేను ఏడ్చాను. "ఏడు. ఏడ్చాక ఇంకోసారి చెప్పు" అంది.

పొద్దున్నే సాలలో పెడ్లర్ జూలు జడలల్లుతూ వాడికి చెప్పేదాన్ని. నోరా బకెట్లు కడుగుతూ చూసేది. "వాడి చెవి చూడు. నీ వైపు తిరిగిందంటే వినబడినట్టు. లేదంటే నువ్వు గొణుగుతున్నట్టు." మొదటి వారం పెడ్లర్ చెవులు గడ్డి వైపే ఉన్నాయి. రెండో వారం ఒక చెవి తిరిగింది. నోరా బకెట్ దించి, "ఆఁ" అంది, అంతే.

అమ్మ మాత్రం ఆ విషయం ఎత్తలేదు. గురువారం గుర్రాల లారీ ఎక్కుతూ తన తెల్ల గ్లవ్స్ నా చేతిలో పెట్టింది. "పెద్దవవుతాయి. వేలి చివర్లు మడిచేయ్" అంది.

*

పోల్‌మెరిన్‌లో గాలి ఉప్పగా, చల్లగా కొడుతోంది. ఊరంతా పడవ షెడ్డు చుట్టూ ఉంది. గోడల మీద, పడవల మీద, ఒక కప్పు మీద కూడా మనుషులున్నారు. కొత్త పడవ వాలు మీద నీలంగా, ముక్కు నీళ్ళ వైపు పెట్టి కూర్చుంది. దాన్ని నడిపే డెన్‌జిల్ రౌస్ గడ్డం గోక్కుంటూ నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"యువరాణి గారొస్తారన్నారే."

"వాళ్ళమ్మాయిగారు" అన్నాడు కమాండర్.

"ఎన్నేళ్ళమ్మా?"

"పదిహేను."

"నేను మొదటిసారి పడవెక్కింది పద్నాలుగుకి. ఒక ఏడాది ఆలస్యంగా వచ్చావులే తల్లీ, పర్లేదు."

పదకొండుంబావుకి షెడ్డులో టెలిఫోన్ మోగింది. కమాండర్ వెళ్ళి తీశాడు. గొంతు సవరించుకుంటూ తిరిగొచ్చాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"నోరా చేసింది. నీళ్ళ అడ్డం దగ్గర యువరాణి గారు పడ్డారు. గుర్రం బాగానే ఉంది. ఆవిడ ఇంకా లేవలేదు. డాక్టరు దగ్గరున్నాడు. నోరాకి అంతకు మించి తెలీదు. మళ్ళీ చేస్తానంది." ఆగాడు. "కారు సిద్ధంగా ఉందమ్మాయిగారూ. ఎవరూ ఏమీ అనుకోరు."

డెన్‌జిల్ టోపీ తీశాడు. "ఎల్లిపోమ్మా. అమ్మ అమ్మే. రెండేళ్ళు ఆగినోళ్ళం, రెండు వారాలు ఆగలేమా?"

ఆ మాట అన్నాడు గానీ కళ్ళు సముద్రం మీదున్నాయి. పడమట మబ్బు పట్టి ఉంది.

నేను కారు వైపు వెళ్ళలేదు. అక్కడ ఒకావిడ పెద్ద పళ్ళెంలో కేకు ముక్కలు సర్దుతోంది. డెన్‌జిల్ భార్య, పేరు లవ్‌డే. నేను ఆవిడ దగ్గరికి ఎందుకు వెళ్ళానో తెలీదు.

"ఆయన వెళ్ళినప్పుడు, కబురు రానప్పుడు, మీరేం చేస్తారు?"

ఆవిడ నన్ను చూసింది. కేకు పిండి అంటిన చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది.

"పిండి కలుపుతానమ్మా. ఎవరూ తినకపోయినా కలుపుతాను. కబురు దాని టైముకి అదొస్తుంది. ఈలోగా చేతులకేదో ఒక పనుండాలి కదా." నా చేతుల వైపు చూసి, "ఆ గ్లవ్స్ నీకు పెద్దవయ్యాయి" అంది. ఒక్కో వేలి చివరా లోపలికి మడిచి సరిచేసింది. మడతల్లో ఎండిన మరకలు కనబడ్డాయి. ఆవిడ చూసింది. వాటిని కూడా లోపలికి మడిచేసింది.

కమాండర్ కారు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"టైమెంతయింది?" అన్నాను.

"పదకొండు ముప్ఫై."

"పది నిమిషాలుంది" అన్నాను. వేదిక మెట్లెక్కాను.

మనుషులు చాలామంది ఉన్నారు. అందరి మొహాలూ ఒకేసారి నా వైపు తిరిగాయి. చర్చిలో లాగే వాంతి ముందరి నీళ్ళు నోట్లో ఊరాయి. చివర గోడ మీద ఒక ముసలాయన చెవి వెనకాల అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆ చెయ్యినే చూశాను.

"ఈ పడవకు..."

ఆ చెయ్యి కదల్లేదు. నేను ఆగాను. ఊపిరి తీసుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

"ఈ పడవకు డచెస్ ఎలీనార్ అని పేరు పెడుతున్నాను."

ముసలాయన చెయ్యి దించేశాడు.

"దేవుడు దీన్నీ, ఇందులో వెళ్ళే వాళ్ళందరినీ కాపాడుగాక." 'అందరినీ' దగ్గర గొంతు కొంచెం వణికింది. డైరీలో ఉన్నదున్నట్టు రాశాను కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

సీసా మొదటి దెబ్బకే పగిలింది. డెన్‌జిల్ సుత్తితో గొలుసు మేకు కొట్టాడు. పడవ ఒక క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, తర్వాత ఒక్కసారిగా జారిపోయింది. నీళ్ళు రెండు పక్కలా లేచాయి. ఊరంతా కేక పెట్టింది. లవ్‌డే మాత్రం అరవలేదు. కేకు ముక్క నా చేతిలో పెట్టి, "తిను" అంది.

పన్నెండున్నరకి మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి నాకే ఇచ్చారు.

"సీసా పగిలిందా?" అమ్మ గొంతు.

"పగిలింది." ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను. "నీకేమైంది?"

"నాకు విరిగింది. మెడ పక్క ఎముక. చిన్నదే."

"పడ్డాక ఏం చేశావు?"

"మళ్ళీ ఎక్కాను. ఇంకా పన్నెండు అడ్డాలున్నాయి కదా." వెనకాల నోరా అరుస్తోంది, "ఒంటి చేత్తో! ఒంటి చేత్తో పన్నెండూ! ఈవిడకి మతి లేదని చెప్పు!" అని.

"జట్టు?"

"పడినందుకు అరవై తప్పు మార్కులు హెట్టీ. రేపు కర్రలు దూకలేను కూడా. ఈసారికి లేదు." తర్వాత అడిగింది, "నీళ్ళలోకి తిన్నగా దిగిందా, పక్కకి ఒరిగిందా?"

"తిన్నగా."

"మంచిది" అంది అమ్మ.

*

సోమవారం పొద్దున అమ్మ కుడిచేయి మెడకి కట్టుకుని టీకి వచ్చింది. కూర్చోకుండానే పెద్ద కాగితం దగ్గరికెళ్ళి, అడుగున సెప్టెంబరు అని కొత్త గడి గీసి, ఎడమ చేత్తో పెన్సిల్‌తో ఏదో రాసింది. సెప్టెంబరులో ఇంకో పోటీ ఉంది. వచ్చే ఏడాది జట్టుకి అదే దారి.

"ఈ ఏడాదే పెడ్లర్‌కి ఆఖరని నోరా అంది" అన్నాను.

"నోరా పోయినేడాదీ అదే అంది."

అమ్మమ్మ కళ్ళద్దాలు సర్దుకుని కాగితం వైపు వంగింది. "ఆ రాత కూడా గుర్రం మీంచి పడ్డట్టే ఉంది. ఎవరికి అర్థమవుతుంది? కమాండర్, అది సిరాతో రాయండి."

కమాండర్ గొంతు సవరించుకోవడం కూడా మరిచిపోయాడు. "ఏ సిరాతోనండీ?"

"ఇంట్లో ఎన్ని సిరాలున్నాయి?"

అమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. సాలలో ఏదో పనుందని వెళ్ళిపోయింది. కమాండర్ రాసి, అద్దుడు కాగితం ఒత్తి, ఆయనా వెళ్ళిపోయాడు. నేనూ అమ్మమ్మా మిగిలాం.

అమ్మమ్మ పేపరు తీసి ఎప్పటిలాగే ఆ మూల చదివింది. "మే అయిదు. యువరాణి అడిలా తరఫున కుమారి హెస్టర్ పోల్‌మెరిన్‌లో రక్షణ పడవకు నామకరణం చేశారు." చదివి పేపరు మడిచింది. నా మొహం కాలిపోతోంది.

"ఇంకోటి?" అంది.

"ఏ ఇంకోటి అమ్మమ్మా?"

"అదే రోజు జరిగింది. ఇందులో వేయనిది. నువ్వు రోజూ రాస్తావటగా, ఆ పుస్తకంలో ఉంటుంది కదా. చదువు."

నా డైరీ ఎప్పుడూ ఎవరికీ చదివి వినిపించలేదు. వెళ్ళి తెచ్చాను. పేజీ వెతకడానికి చాలాసేపు పట్టింది.

"మే అయిదు" అని చదివాను. "అమ్మ నీళ్ళ అడ్డం దగ్గర పడింది. నాలుగు నిమిషాలు లేవలేదు. తర్వాత లేచింది. మళ్ళీ ఎక్కింది. ఒంటి చేత్తో పన్నెండు అడ్డాలు దూకింది. పెడ్లర్‌కి ఒక్క గీత పడలేదు."

అమ్మమ్మ టీ కప్పు వైపే చూస్తోంది. కప్పు ఖాళీ.

"వినపడలేదు" అంది.

అమ్మమ్మ చెవుల సంగతి నాకు తెలుసు. నిలబడి, మొదటి నుంచి గట్టిగా చదివాను.